జాగ్రత్త అని చెప్పని డాక్టరమ్మ

కర్నూలు బస్టాండులో కోయిలకుంట్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్క సీటులో ఒకావిడ ఏడాదిన్నర పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉంది. బస్సు కదిలే ముందు వేయించిన వేరుశనగ కాయల పొట్లం కొన్నది. ఒక్కో కాయ ఒలిచి, ఒక గింజ తను తిని, ఇంకో గింజ పిల్లవాడి నోట్లో పెట్టబోయింది. నేను చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇయ్యొద్దమ్మా. ఐదేండ్లు వచ్చేదాకా గింజలు గింజలుగా పెట్టొద్దు. నవ్వినా ఏడ్చినా ఊపిరిగొట్టంలోకి పోతాది. బెల్లమేసి మెత్తగా దంచి పెట్టు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు డాక్టరమ్మవా?"

"కాదు. బడిలో టీచర్ని."

"మల్ల నీకెట్ల తెలుసు?"

"మా అమ్మ డాక్టరు" అన్నాను. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. నేను పోతున్నది ఆమె ఇల్లు ఖాళీ చెయ్యడానికి. ఆవిడ గింజ తన నోట్లోనే వేసుకుని, పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. నంద్యాల దాకా ఆవిడ నాతో మళ్లీ మాట్లాడలేదు.

అమ్మ మాట విన్నవాళ్లలో చాలామంది మొదట అట్లాగే మొహం తిప్పుకునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. తన మాట విన్నారా లేదా అన్నదే ఆమెకు కావాలి, తన గురించి ఏమనుకున్నారన్నది కాదు.

ఆమె కోయిలకుంట్లలో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసింది. మొదట సర్కారు ఆసుపత్రిలో, రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో. పొట్టి మనిషి. నూలు చీర కట్టుకుని, పైట భుజం మీద పిన్నుతో బిగించి, కొంగు నడుములో దోపుకునేది. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. నాడి చూసేటప్పుడు చెయ్యి తిప్పే పని లేకుండా అట్లా అలవాటు చేసుకుందట. చర్చిలో ప్రార్థనకు అరచేతులు చాచినప్పుడు కూడా ఆ గడియారం ఆమె వైపే చూస్తూ ఉండేది.

ఎవరైనా ఇంటికొస్తే బాగున్నారా అని అడిగేది కాదు. దగ్గరికి రమ్మని, బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూసేది. లోపల ఎర్రగా ఉంటే, "కూర్చో" అనేది. పాలిపోయి ఉంటే, "రోజూ ఆకుకూర తింటాండావా? నెలనెలా ఎన్ని రోజులు ముట్టుంటాది?" అని అందరి ముందే అడిగేది. మా పెదనాన్న కూతురి పెళ్లిలో, చర్చి మెట్ల మీద, పెళ్లికూతురి కనురెప్ప లాగి చూసింది. కాటుక చెదిరిందని ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. "కాటుక మల్ల పెట్టుకోవచ్చు. రక్తం లేకుండా కాన్పుకొస్తే నేనేం చెయ్యాల?" అంది అమ్మ. ఆ పిల్లకు మరుసటి రోజే ఇనుము మాత్రలు పంపింది.

మోటారు సైకిలు మీద వెనక కూర్చున్న ఆడవాళ్ల కొంగు గాలికి వేలాడుతుంటే ఆమెకు కాళ్లు నిలిచేవి కావు. రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ అడ్డం పెట్టి బండి ఆపేది.

"ఏమప్పా, నీ పెండ్లాం కొంగు చక్రంలో పడితే ఏమైతాదో నీకు తెలుసునా?"

ఆ బండాయన బిత్తరపోయేవాడు. ఆమె ఆ అమ్మాయి కొంగు రెండు మడతలు వేసి, నడుం చుట్టూ తిప్పి, తనే దోపేది. "ఎక్కేముందు ఇది చేసుకో. తర్వాతనే కూర్చో" అనేది. పక్కన నడుస్తున్న నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. బజారులో ఆమెకు నాలుగడుగులు వెనక నడవడం నేర్చుకున్నది అందుకే.

'జాగ్రత్త' అనే మాట ఆమె నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. బడి పిల్లలందరం ఒంటిమిట్టకు విహారయాత్ర పోతున్నప్పుడు మా నాయన నా తల నిమిరి, "జాగ్రత్తగా పోయిరా పాపా" అన్నాడు. అమ్మ వంటింట్లో నుంచి బయటికొచ్చింది.

"జాగ్రత్త అంటే ఆ పిల్ల ఏం చెయ్యాల? యాడ నిలబడాల, యాడికి పోకూడదు? చెప్పేది అర్థమయ్యేతట్ల చెప్పు, లేదంటే గమ్మునుండు." నా వైపు తిరిగింది. "చెరువు కాడికి పోతే నీళ్లల్లో కాలు పెట్టొద్దు. ఎవరన్నా మునుగుతాంటే నువ్వు దిగొద్దు, చీరో తాడో ఇసిరి గట్టిగా అరువు. బస్సులో తల, చెయ్యి బయట పెట్టొద్దు. కోసి పెట్టిన పండ్లు తినొద్దు. అంతే. పో."

మా నాయన నవ్వాడు. ఆయన చర్చి బడిలో లెక్కల మాస్టరు. మెత్తటి మనిషి. ఆమె మాట పెళుసుగా ఉన్న చోటల్లా ఆయన నవ్వొకటి తెచ్చి పెట్టేవాడు.

విరేచనాలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వడం ఊళ్లో తల్లులకు నేర్పేటప్పుడు, కలిపిన నీళ్లు ముందు వాళ్లనే రుచి చూడమనేది. "కన్నీళ్ల కన్నా ఉప్పగుంటే పారబోసి మల్ల కలుపు" అనేది. ఆడవాళ్లకు వేరే కొలత చెప్పాల్సిన పని ఉండేది కాదు. నాలిక మీద వేసుకోగానే తలూపేవాళ్లు.

ఒకసారి కాన్పయిన కోడలిని చూడమని పక్క పల్లె నుంచి ఒక పెద్ద రైతు బండి పంపించాడు. సెలవురోజు కాబట్టి నన్నూ తీసుకుపోయింది. తల్లినీ బిడ్డనూ చూశాక కాఫీ తెచ్చారు. అమ్మ గ్లాసు పట్టుకుని అడిగింది.

"పత్తికి కొట్టే మందు యాడ పెడ్తావప్పా?"

"వెనక కొట్టంలో డాక్టరమ్మా. ఎందుకట్లడుగుతాండావు?"

"చూపించు."

కొట్టంలో గూట్లో, నాకు అందేంత ఎత్తులో, కూల్‌డ్రింకు సీసా ఉంది. అందులో అడుగున గోధుమరంగు మందు. అమ్మ దాన్ని చూసింది. కాఫీ గ్లాసు గోడ మీద పెట్టింది. ఆ రైతు చేత ఆ మందును మళ్లీ దాని డబ్బాలో పోయించింది. డబ్బాను ఇనప పెట్టెలో పెట్టించి తాళం వేయించింది. సీసాకు మేకుతో అడుగున నాలుగు చిల్లులు పొడిచి, గుంత తవ్వించి పూడ్పించింది. సబ్బుతో అందరి చేతులూ కడిగించింది. అప్పటికి కాఫీ చల్లారిపోయింది. చల్లటి కాఫీనే తాగి, "ఇప్పుడు నీ మనవడు నడిచేటప్పుడు నాకు భయం లేదు" అని బండెక్కింది.

ఆసుపత్రిలో ఏం చూసి ఆ సీసా కోసం వెతికేదో నాకు తెలియదు. అక్కడ చూసినవి ఆమె ఇంటికి తెచ్చేది కాదు. ఏం చెయ్యకూడదన్నది మాత్రం తెచ్చేది.

ఇంట్లో మాకున్న కట్టుబాట్లలో అన్నిటికన్నా గట్టిది ఒకటుండేది. ఆమె కాన్పు గదిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవకూడదు. "లోపల రెండు ప్రాణాలుంటాయి. వాటికి ఆగడం తెల్దు. మీరు బయటుండేటోళ్లు, రోంతసేపు ఆగగలరు" అనేది. చుట్టాలొచ్చినా, నేను పడి మోకాలు చీరుకున్నా, బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. నాకది కష్టమనిపించేది కాదు. బెంచీ మీద కూర్చోవడం నా చిన్నతనంలో ఒక భాగం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం అన్నం తిన్నాక మా నాయన మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకున్నాడు. నాపరాళ్ల మిద్దె, లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుండేది. అందుకే చెమటలు పడుతున్నాయనుకున్నాను.

"ఛాతీ బరువుగా ఉండాది పాపా. తిన్నది పట్టినట్టుండాది. ఒక సోడా తెచ్చిపెట్టు" అన్నాడు.

తెచ్చిపెట్టాను. సగం తాగి పక్కన పెట్టాడు. ఎడమ చెయ్యి ఒత్తుకుంటూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "పోయి మీ అమ్మను చూసిరా. ఊరికే ఉంటే రమ్మను. కాన్పులో ఉంటే పిలవొద్దు, ఆడనే కూర్చో" అన్నాడు.

ఆసుపత్రి రెండు వీధుల అవతల. కాన్పు గది తలుపు మూసి ఉంది. లోపల నుంచి ఒకావిడ కేకలు. ఆసుపత్రి ఆయమ్మ వేడినీళ్లు తీసుకుపోతూ నన్ను చూసింది.

"ఏం పాపా? అమ్మతో ఏమన్నా పనా? బిడ్డ కాళ్లు ముందొచ్చినాయి, శానా కష్టమైతాంది."

"ఏం లేదు" అన్నాను.

బెంచీ మీద కూర్చున్నాను. కాళ్లు నేలకు అందేవి కావు, ఊపుతూ కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద గర్భిణి బొమ్మ ఉన్న కాగితం, దాని కింది అక్షరాలు వెనక నుంచి ముందుకు చదివాను. ఆయమ్మ బయటికొచ్చి టీ తాగి మళ్లీ లోపలికి పోయింది. కేకలు పెద్దవయ్యాయి, ఆగిపోయాయి, ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది. నాకు సంతోషమేసింది. ఇక అమ్మ వస్తుంది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముఖమంతా చెమట, కానీ వెలిగిపోతూ ఉంది.

"ఏమ్మే, ఎందుకొచ్చినావు?"

"నాయనకు ఛాతీ బరువుగా ఉండాదంట. చెమటలు పోస్తాండాయి. చెయ్యి గుంజుతాందంట."

"ఎప్పుడొచ్చినావు నువ్వు?"

"ఆయమ్మ టీ తాగకముందు."

ఆమె పరుగెత్తింది. మా అమ్మ పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. చెప్పులు కాన్పు గది బయటే ఉండిపోయాయి. నేను ఆ చెప్పులు చేతిలో పట్టుకుని వెనకాల పరుగెత్తాను. ఇంటికి పోయేసరికి మా నాయన నేల మీద ఉన్నాడు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఆయన రొమ్ము నొక్కుతూ, పైకి అంకెలు చెబుతూ ఉంది. పదిహేను దాకా చెప్పి, ఆయన నోట్లో నోరు పెట్టి ఊది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. పక్కింటివాళ్లొచ్చారు. ఎవరో జీపు కోసం పోయారు. జీపు వచ్చింది. "ఇంగ సాలు డాక్టరమ్మా" అన్నాడు పక్కింటాయన. ఆమె ఆపలేదు. ఆయన ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాగేదాకా అంకెలు చెబుతూనే ఉంది. వాకిట్లో ఎండ కాలుతోంది. ఆమె అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. నా చేతుల్లో చెప్పులు నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రోజు గురించి అమ్మ నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకు తలుపు కొట్టలేదు అనలేదు. ఆయమ్మకు ఎందుకు చెప్పలేదు అనలేదు. పది రోజుల తర్వాత ఆసుపత్రికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయి, నా ముందే ఆయమ్మతో అంది.

"ఇంగ నుంచి ఈ పాప గానీ, వేరే ఎవరన్నా గానీ నా కోసమొస్తే, నేను లోపల ఏం చేస్తాన్నా సరే, వచ్చి చెప్పాల. పనుందా అని అడగొద్దు. చెప్పాల, అంతే."

ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆయమ్మనే చూసింది, నన్ను చూడలేదు. దాంతో నాకు అర్థమయిందనుకున్నాను. తప్పు నాదే, పైకి అనడం ఇష్టం లేక మానేసింది.

ఆ ఏడాది నేను మూడుసార్లు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి ఆసుపత్రికి పోయాను. నిజంగా బయటికొస్తుందా అని చూడాలనిపించేది. మూడుసార్లూ వచ్చింది. మూడోసారి చేతులకు తొడుగులు కూడా తియ్యకుండా వచ్చి, వాటిని బయట విప్పి పారేసి, బెంచీ మీద నన్ను పడుకోబెట్టి పొట్ట నొక్కింది. "ఈడనా? ఈడనా?" నేను ప్రతిచోటా అవునన్నాను. ఆమెకు తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది. "సరే. ఇంటికి పోయి మజ్జిగ తాగు" అని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత మళ్లీ పోలేదు.

పెద్దదాన్నయ్యాను. కర్నూలులో ఉద్యోగం, పెళ్లి, ఒక కూతురు. అమ్మ ఫోనులో ఎప్పుడూ ఎట్లా ఉన్నావని అడగలేదు. "గ్యాసు పైపు మార్చి ఎన్నేండ్లయింది? కొత్తది ఏయించండి." "సంపు మూత మీద రాయి పెట్టినారా?" "పిల్ల మీద వేడి కూర పడితే టూత్‌పేస్టు పూయొద్దు, కొళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్లు పొయ్యి." నాకు నలభై రాకముందే చక్కెర జబ్బు వచ్చింది. ఇక రోజూ నా అంకె చెప్పాల్సి వచ్చేది. అంకె చెప్పగానే ఫోను పెట్టేసేది.

ఒకరోజు బడిలో అరిచి అరిచి తలనొప్పితో ఇంటికొచ్చి ఉన్నాను. ఆమె ఫోను చేసి, మిద్దె మీద పిట్టగోడ ఎంత ఎత్తుందని అడిగింది.

"అమ్మా, ఒక్కసారన్నా నాతో మామూలుగా మాట్లాడు" అన్నాను.

ఆమె నిజంగా తెలియకే అడిగింది.

"మామూలుగా అంటే ఎట్ల?"

"పిట్టగోడ నడుమెత్తుంది" అన్నాను.

పోయిన ఏడు శీతాకాలంలో, చెప్పకుండా, ఒక సంచితో కర్నూలుకు వచ్చింది. నేనిచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పింది.

"కుడిపక్క ఎముకల కింద గడ్డ తగులుతాంది. నేనే చూసుకున్యా. రేపు స్కానింగు తీయించుకోవాల. నువ్వు సెలవు పెట్టే పన్లేదు."

సెలవు పెట్టాను. స్కానింగు గదిలో డాక్టరు కుర్రవాడు, ఆమెను మేడం అని పిలిచాడు. అతను ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు తిప్పుతుంటే, ఆమె ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూసి, "కాలేయమంతా ఉండాది నాయనా. నువ్వు ఇబ్బంది పడొద్దు" అంది. వైద్యం చేస్తే కొన్ని నెలలు ఎక్కువ వస్తాయన్నాడు. ఆ నెలలన్నీ ఆసుపత్రి మంచంలోనే అయితే తనకొద్దంది. ఇంటికొచ్చే ఆటోలో నా చున్నీ చివర పట్టుకుని ఒళ్లోకి లాగి పెట్టింది. ఆటోలో చున్నీకి ఏ చక్రమూ దగ్గర్లో లేదు. చున్నీ చివర అట్లాగే పట్టుకుని కూర్చుంది.

మంచాన పడ్డాక తనను ఎట్లా చూసుకోవాలో తనే నేర్పింది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, మడమలు, తుంటి ఎముకలు రోజూ చూడటం. ఒక్కొక్కటి నా చేత చేయించి చూసింది. ఆఖరికి ఏం జరుగుతుందో కూడా చెప్పింది.

"ఊపిరి ఆగి ఆగి వస్తాది. గొంతులో గరగరమంటాది. అది నాకు నొప్పి కాదు, వినేటోళ్లకే కష్టం. మీ చిన్నమ్మ వచ్చి నోట్లో నీళ్లు పోస్తానంటాది. పోయనియ్యొద్దు. గుడ్డ తడిపి పెదాలకు అద్దు. చాలు."

నేను తలూపాను. ఆమె అదంతా నా చేత మళ్లీ చెప్పించుకుని వినింది.

ఒక ఉదయం వేడినీళ్లతో ఆమె వీపు తుడుస్తున్నాను. గోడ వైపు తిరిగి ఉంది. ఎముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

"ఆ పొద్దు నువ్వు బెంచీ మీద కూర్చున్నెది తప్పు కాదు" అంది.

ఏ పొద్దు అని అడగాల్సిన పని లేదు.

"నేను చెప్పింటి, నువ్వు విన్నావు. తొమ్మిదేండ్ల పిల్ల అమ్మ చెప్పింది వినకుండా ఎట్లుంటాది?"

"నేను ఆయమ్మకు చెప్పింటే నాయన బతికేవాడు కదమ్మా?"

ఊపిరి తీసుకోవడానికే అప్పటికి ఆమెకు సమయం పట్టేది.

"బతికేవాడు కాదు అంటే నీకు తేలికైతాది. కానీ తెల్దు నాకు. అప్పుడు మనూర్లో గుండెకు పనికొచ్చే సూది ఒకటీ లేదు. బతికిండొచ్చు కూడా. ఇంగొకటి కూడా తెల్దు. ఆయమ్మ లోపలికొచ్చి చెప్పింటే నేను వచ్చేదాన్నా? బిడ్డ కాళ్లు నా చేతుల్లో ఉండాయి, తల ఇంగా లోపలుండాది. యాడ ఇడిచిపెట్టేది?"

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా ఇది?"

"నీ తప్పు కాదని చెప్తే, మల్ల ఎవరి తప్పని నువ్వు అడుగుతావు. నాదే అని నువ్వు అనుకుంటావని భయపడినా. నాకు నువ్వొక్కదానివే ఉంటివి."

ఊళ్లో ఎవరికీ భయపడని మనిషి. తాగి కత్తి పట్టుకుని ఆసుపత్రికొచ్చినవాణ్ణి చెయ్యి పట్టి కూర్చోబెట్టి కుట్లు వేసిన మనిషి. నలభై ఏళ్లు నాకు భయపడి బతికింది. నేనేమో అన్నేళ్లూ ఆమెకు భయపడ్డాను. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్లూ, ఒకే పళ్లెంలో అన్నం కలుపుకుని తింటూ కూడా.

నేను వంగి నా ముఖం ఆమె వీపుకు ఆనించాను. తడి వీపు, సబ్బు వాసన. ఆమె కదలకుండా చాలాసేపు అట్లాగే ఉండనిచ్చింది. తర్వాత మెల్లగా అంది.

"ఎడమ తుంటి కాడ చూడు. ఎర్రగుండాదా?"

"ఉండాదమ్మా."

"నొక్కితే తెల్లగైతాందా?"

నొక్కాను. "అయితాంది."

"అయితే భయంలేదు. ఈ పొద్దంతా ఎడమపక్కకు తిప్పొద్దు."

పదిహేను రోజుల తర్వాత, ఉదయం తొమ్మిది దాటాక, ఆమె చెప్పినట్టే జరిగింది. ఊపిరి ఆగి ఆగి వచ్చింది. గొంతులో ఆమె చెప్పిన చప్పుడే. చిన్నమ్మ కోయిలకుంట్ల నుంచి ముందురోజే వచ్చి ఉంది. గ్లాసులో నీళ్లు తెచ్చింది. నేను ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని, అందులోనే గుడ్డ ముంచి, అమ్మ పెదాలకు అద్దాను. మణికట్టు మీద వేళ్లు పెట్టి, అమ్మ గడియారంలో చూస్తూ, నాడి లెక్కపెడుతూ కూర్చున్నాను. లెక్క నా వేళ్ల కింద ఆగిపోయింది. ఇంకో నిమిషం చూశాను. ఆమె అయితే చూసేది.

నా భర్త ఫోన్లు చెయ్యడానికి బయటికి పోయాడు. నా కూతురు అమ్మమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. నాకు చేతులు వణకడం మొదలయింది. ఏడుపు వల్ల అనుకున్నాను. మెడ మీద చల్లటి చెమట పట్టింది, కళ్ల ముందు ముఖాలు అలుక్కుపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున ఎనిమిదిన్నరకు ఇన్సులిన్ వేసుకున్నాను, ఏమీ తినలేదు.

లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోయాను. రెండు చెంచాల చక్కెర నోట్లో వేసుకుని, నేల మీద కూర్చుని, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకున్నాను. వేళ్లు సరిగ్గా కలపడం లేదు. ముద్ద నోటి దాకా తీసుకుపోతుంటే చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందమ్మీ ఇది? తల్లి ఇంగా ఆడ ఎచ్చగా ఉండాది. నువ్వు ఈడ కూర్చుని అన్నం తింటాండావా? వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"సూదేసుకున్నా చిన్నమ్మా. తినకపోతే పడిపోతా."

చిన్నమ్మ నన్నట్లాగే చూస్తూ నిలబడింది. కోపమో దుఃఖమో, ముఖమంతా వణుకుతోంది. నేను ముద్ద మింగాను. నీళ్లు తాగి ఇంకో ముద్ద తీసుకున్నాను.

ఆమె వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గిన్నెలో మిగిలిన పెరుగు నా పళ్లెంలో వేసింది. నా ఎదురుగా, గోడకు ఆనుకుని కూలబడింది.

"నువ్వు పొద్దున బీపీ మాత్ర ఏసుకున్నావా?" అని అడిగాను.

లేదన్నట్టు తలూపింది.

"సంచిలో ఉండాదా?"

"ఉండాది."

"తెచ్చుకో. ముందు రెండు ముద్దలు తిను, తర్వాత ఏసుకో. సాయంత్రం దాకా నిలబడాల మనం."

చిన్నమ్మ సంచి తెచ్చుకుంది. వేరే పళ్లెం తీసుకోలేదు. నా పళ్లెంలోనే చెయ్యి పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "అక్కా" అని ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. అవతల గదిలో చర్చివాళ్లు వచ్చినట్టున్నారు, ఎవరో పాట ఎత్తుకున్నారు. మేమిద్దరం ఏడుస్తూనే పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాం.